మొదటి ముక్క అవ్వదే

మా చిన్నప్పుడు... ఆదివారం సూర పులుసు పొయ్యి మీద నుంచి దించగానే మొదటి ముక్క మా అవ్వదే. నేనూ తమ్ముడూ కంచాల ముందు కూర్చునే ఉండేవాళ్ళం. అయినా గరిటె మా వైపు వచ్చేది కాదు. అవ్వ ఒక చిన్న ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, కాసేపు అలాగే ఉండేది. తర్వాతే అమ్మతో "ఊఁ... పెట్టు" అనేది.

"అవ్వకి భలే ఆశ గదక్కా" అని తమ్ముడు నా చెవిలో గొణిగేవాడు. నాకూ అలాగే అనిపించేది...

సూర అంటే సొరచేప కాదండీ. ఇప్పుడు అందరూ ట్యూనా అంటున్నారే, ఆ జాతిలో చిన్నవి. మేం తొండియార్‌పేటలో, సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళం. ఎప్పుడో తాతల నాడు నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. నాయన పడవ మీద వేటకి పోయేవాడు. గాలాలకి మెరిసే బిస్కెట్టు కాగితం చీలికలు కట్టేవాడు. నీళ్ళ మీద పక్షులు గుంపుగా వాలే చోట పడవ తిప్పుతుంటే, సూర ఆ చీలికల్ని చిన్న చేపలనుకుని పట్టేసేదట. పడవలో పడగానే నాయన మొప్పల దగ్గర కోసి, నెత్తురు వదిలించి, ఐసులో పెట్టేవాడు.

"సూరది వేడి నెత్తురు. సల్లంగా పెట్టకపోతే పగబడతాది" అనేవాడు.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు సైన్సు టీచరు, మీరు కళ్ళారా చూసిన చేప బొమ్మ వేసి, దాన్ని ఎలా గుర్తుపట్టారో రాసుకు రమ్మన్నారు. మా ఇంట్లో అంతకు ముందు బడికి పోయినవాళ్ళు లేరు. ఏ పాఠానికీ ఇంట్లో సాయం దొరికేది కాదు. కానీ ఇది మాత్రం మాకు తెలిసిన పాఠం... నా సంతోషం ఇంతా అంతా కాదు, ఇంట్లో అందరికీ చెప్పాను.

ఆ ఆదివారం రేవులో నాయన బక్కెట్టులో గుప్పెడు ఐసు వేసి, కూరకి రెండు సూరలు ఇచ్చాడు. "దోవలో యాడా నిలబడొద్దు. నేరుగా ఇంటికి పో" అన్నాడు.

నిలబడ్డాను. బోర్లించిన ఒక పడవ పక్కన కూర్చుని, చేపలు రెండూ దాని మీద పెట్టి, వెంట తెచ్చుకున్న పుస్తకం తీశాను. ఒకదానికి పొట్ట మీద పొడుగ్గా నల్ల గీతలు. అది గీతల సూర. రెండోదానికి పొట్ట తెల్లగా ఉంది, రెక్క కింద నల్ల చుక్కలు. అది చుక్కల సూర. గీతలు లెక్కపెట్టి వేశాను, వంకరపోతే చెరిపాను, మళ్ళీ వేశాను... తల ఎత్తేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. బక్కెట్టులో ఐసు లేదు, గోరువెచ్చని నీళ్ళున్నాయి.

వాసన చూశాను. ఏమీ లేదు. కుళాయి దగ్గర కడిగి ఇంటికి తీసుకుపోయాను.

"ఇంత సేపా?" అంది అమ్మ.

"నాయన లేటుగా ఇచ్చాడు" అన్నాను.

మామిడికాయ వేసిన పులుసు... ఇల్లంతా ఘుమఘుమ. అవ్వ ముక్క నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుంది. "ఊఁ" అనలేదు. ఇంకో ముక్క తీసుకుంది.

"చూడక్కా, రెండోది!" అన్నాడు తమ్ముడు.

అవ్వ కళ్ళు తెరిచింది. "కంచాలు ఎత్తేయండి. ఎవురూ తినొద్దు."

"మామిడికాయ పులుపేమో అత్తా! చట్టెడు కూర పారబోస్తామా?"

"పులుపు గాదు మే. నాలిక కొసన మిరియం కొరికినట్టు కుట్తా ఉండాది. నమ్మకం లేకనే రెండోది తిన్నా. పిల్లోళ్ళ నోటికి పోకూడదు."

పిల్లి కూడా తినకుండా అవ్వే ఆ కూరని ఇంటి వెనక గుంట తీసి పూడ్చేసింది. మేం పచ్చడి మెతుకులు తిన్నాం. కాసేపటికి అవ్వ మొహం, మెడ ఎర్రగా కందిపోయాయి. ఒళ్ళంతా దద్దుర్లు. తలనొప్పితో చాప మీద పడుకుంది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

నాయన వచ్చి విన్నాడు. మొహం మాడిపోయింది. "నా చేతిలో చేప చెడడమా?" అన్నాడు.

"ఎండ గదరా... ఎవురి చెయ్యని చెప్తాం? పొద్దుకూకేసరికి దిగిపోతాదిలే" అంది అవ్వ, పడుకునే.

ఎర్రదనం తగ్గాక నన్ను దగ్గరికి పిలిచింది. మెల్లగా అడిగింది.

"చుక్కలెన్ని ఉండాయమ్మీ?"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "మూడవ్వా..."

"నీడలో పెట్టుకోని ఏసుకోవచ్చు గదా. సరి సరి, బొమ్మ తే."

అక్షరం రాని మా అవ్వ, నెత్తుటి మరక పడిన ఆ పేజీని చాలా సేపు చూసింది. "తోక మొదలు ఇంత లావు ఉండదు. ఏలంత సన్నం చెయ్" అంది, వేలు చూపించి. చేశాను. తర్వాత నాయన దగ్గరికి వెళ్ళి నిజం చెప్పేశాను. తర్వాతి ఆదివారం ఆయన బక్కెట్టులో ఐసు రెండు గుప్పెళ్ళు వేశాడు.

ఇప్పుడు నేను మాధవరం దగ్గర చేపలు నిల్వచేసే ఒక కంపెనీలో, వచ్చిన సరుకుని పరీక్షించే పని చేస్తున్నాను. ఎండ తగిలిన సూరలో పుట్టే ఆ విషానికి వాసన ఉండకపోవచ్చని, ఎంత ఉడికించినా అది పోదని కాలేజీలో చదివిన రోజు, క్లాసులో నాకు గుర్తొచ్చింది అవ్వ తిన్న ఆ రెండో ముక్కే...

ఇప్పుడు ఫోను నొక్కితే చేప ఇంటికొస్తుంది. చర్మం లేదు, గీతల్లేవు, చుక్కల్లేవు. అది ఏ సూరో, ఎంతసేపు ఎండలో ఉందో ఎవరు చెప్పగలరు? అవ్వకి వయసు మీదపడి ఉప్పూ కారమూ కూడా నాలుకకి తెలియడం లేదు.

అందుకే పులుసు దించగానే మొదటి ముక్క నేను తింటాను... కళ్ళు మూసుకుని, కాసేపు ఆగి.

"చూడు మే, సదువుకున్నదానికి ఎంత ఆశో! ముసిల్దానికంటే ముందే తింటాంది" అని అమ్మతో చెప్పి నవ్వుతుంది అవ్వ, కంచం ముందు పెట్టుకుని.

"ఊఁ... పెట్టమ్మా" అంటాను.

మీ ఇంట్లో మొదటి ముద్ద ఎవరు తినేవారు? ఎందుకో ఎప్పుడైనా అడిగారా...