కమిటీలో లేని అత్త

ఈ రోజు నరసన్నపేటలో చిన్న ట్రస్టుల సభ్యులకి శిక్షణ ఉంటే వెళ్లాను. మా వైపు ట్రస్టంటే సగం చుట్టరికమే. అధ్యక్షుడు మావ, కార్యదర్శి మేనల్లుడు, మిగతా కుర్చీల్లో బావలూ మరుదులూ.

శిక్షణ ఇచ్చే అమ్మాయి, "అధ్యక్షుడి నిర్ణయం తప్పనిపిస్తే మీటింగులో ఎవరు చెబుతారు?" అని అడిగింది. ఆడవాళ్లకి కుట్టు నేర్పే ఒక ట్రస్టు కార్యదర్శి లేచాడు. వాళ్ల అధ్యక్షుడు, అంటే అతని మేనమామ, పక్కనే ఉన్నాడు.

"ఎదురుగా మావకి కాదని ఎలా సెప్తామమ్మా? ఇంటికెల్లి అత్తకి సెప్తాం. అన్నాల కాడ అత్త మావకి సెప్తాది. కుట్టు సెంటరు మేడ మీద ఎడితే మోకాల్ల నొప్పులోల్లు ఎక్కలేకపోతన్నారని అలాగే సెప్పించి కిందకి దింపించాం."

హాలంతా నవ్వింది. పెద్దాయన మాత్రం నవ్వలేదు.

"అది మీ అత్త మాట కాదేటిరా?"

"మా అందరి మాటే మావా."

"అయితే నాను ఇంటిదానికి బయపడి ఒప్పుకోలేదన్నమాట. కమిటీ మాటే ఇన్నాను" అని పెద్దాయన మీసం సవరించుకున్నాడు.

మా రక్తదాన ట్రస్టుకి అధ్యక్షుణ్ణి నేనే. సాయంత్రం ఇంటికొచ్చాక మా ఆవిడ కాఫీ ఇస్తూ, "ఎండల్లో శిబిరం ఆరుబయట ఎడితే జనాలొస్తారేటి?" అంది. ఆవిడ ఏనాడూ శిబిరానికి రాలేదు. ఆవిడ తమ్ముడు మాత్రం మా కమిటీలోనే ఉన్నాడు.

అధ్యక్షులెవరైనా ఇది చదువుతుంటే, మీ ఇంట్లో ఈ మధ్య ఏ సలహా వినిపించిందో చెప్పండి.