నవలలకు పంచనామా

మున్షీ ఎల్లేశం పుస్తకాలు చదివేవాడు కాదు, పంచనామా చేసేవాడు. ఇది నేను నవ్వించడానికి అంటున్న మాట కాదు. 1949లో పుప్పాలగూడలో బడిపంతులుగా ఉంటూ నేనొక పఠనాలయం నడిపాను. అందులో ఉన్నవి ఎనభై నాలుగు పుస్తకాలు. ఏడాది తిరిగేసరికి అరవై పుస్తకాల మీద ఆయన విచారణ జరిపాడు. ఒక్కటంటే ఒక్కటి నిర్దోషిగా బయటపడలేదు. ఆఖరికి పంచాంగాన్ని కూడా వదల్లేదు. ఈ ఏడు వానలు దండిగా పడతాయని అందులో రాసినందుకు, దాన్ని ఆషాఢమాసం దాకా అనుమానితుల జాబితాలో ఉంచాడు.

ఆయన ఇరవై ఆరేళ్ళు పోలీసు చౌకీలో మున్షీ, అంటే రాతగాడు. దొంగతనమైనా, దొమ్మీ అయినా, గట్టు తగాదా అయినా చౌకీ అధికారి అమీన్ సాబ్ వెనకాల ఈయన కలాల పెట్టె, అంటే కలందాను పట్టుకుని వెళ్ళేవాడు. అయిదుగురు పంచుల్ని సాక్షులుగా కూర్చోబెట్టి, చూసిందంతా ఉర్దూలో రాసి, రాసింది తెలుగులో చెప్పి, వాళ్ళ వేలిముద్రలు తీసుకునేవాడు. ఉద్యోగం అయిపోయి ఊళ్ళో కూర్చున్నాడు గానీ, ఆ చూపు మాత్రం కళ్ళజోడుతో సహా అలాగే ఉండిపోయింది.

కొత్త పుస్తకం చేతికిస్తే ముందు దాన్ని తిరగేసి దులిపేవాడు. ఏమైనా రాలుతుందేమోనని. తర్వాత పేజీలు లెక్కపెట్టేవాడు. ఆ తర్వాత ముందుమాట తీసి, రాసిన పెద్దమనిషి పేరు చూసి, నన్నడిగేవాడు.

"పంతులూ, ఈయన ఆయనకేమైతడు?"

ఏమీ కాడనీ, స్నేహితుడై ఉంటాడనీ చెప్పాను ఒకసారి. దోస్తు సాక్ష్యం చెల్లదని ఆ ముందుమాట అసలు చదవకుండా పక్కన పెట్టాడు. ఇంకో పుస్తకాన్ని రచయిత తన భార్యకు అంకితమిచ్చాడు. ఇంట్లో ఏదో పెద్ద తప్పే చేసి ఉంటాడని ఎల్లేశం తేల్చేశాడు. అది విన్న ఆయన భార్య కిష్టమ్మ, తనకు ముప్పై ఏళ్ళలో ఒక కాగితం ముక్క కూడా అంకితం రాలేదనీ, తప్పులకు మాత్రం కొదువ లేదనీ నాతో చెప్పుకుంది.

అన్నిటికంటే ఆయనకు కోపం తెప్పించింది ఒక నవల మొదట్లో ఉన్న వాక్యం. ఇందులోని పాత్రలన్నీ కల్పితాలనీ, ఎవరినీ ఉద్దేశించినవి కావనీ అచ్చువేశారు. ఎల్లేశం దాన్ని నాలుగుసార్లు చదివాడు.

"అడగకముందే ఎందుకు చెప్తున్నడు?" అన్నాడు.

ఆయనకు అభిమాన రచయితలు లేరని అనుకునేరు. ఉన్నారు. కాకపోతే వాళ్ళని ముద్దాయిలనేవాడు. ఎంత ఇష్టమో అంత పై నంబరు. మూడో నంబరు ఒక కవి. చంద్రుడు ఏడ్చాడని రాశాడు, ఎవరు చూశారో చెప్పలేదు. రెండో నంబరు ఒక వైద్యగ్రంథకర్త. ఆయన చెప్పిన కషాయం తాగి మా ఊరి పెంటయ్య రెండు రోజులు తాటిచెట్టు ఎక్కలేకపోయాడు, కల్లుగీత ఆగిపోయింది. మొదటి నంబరు మాత్రం బెజవాడ వెంకటనారాయణగారిది. ఆయన నవలలు మా దగ్గర పదకొండు ఉండేవి. ఎల్లేశం ప్రతిదీ మూడుసార్లు చదివాడు. ఎందుకన్నిసార్లని అడిగితే, మొదటిసారి ఏమీ దొరకలేదు గనక అన్నాడు.

ఒక నవలలో నలభై మూడో పేజీలో అమావాస్య అని ఉంది. యాభై ఒకటో పేజీలో అదే రాత్రి నాయకుడు పండువెన్నెల్లో నాయిక ముఖం చూశాడు. ఎల్లేశం నా చేత బెజవాడకు ఉత్తరం రాయించాడు. పదిరోజుల్లో జవాబొచ్చింది. అయ్యా, పొరపాటు నాదేనండి, రెండో ముద్రణలో వెన్నెల తీసేస్తానండి, లాంతరు పెడతానండి అని వెంకటనారాయణగారు ఎంతో మర్యాదగా రాశారు. నేను పొంగిపోయాను. ఎల్లేశం మాత్రం ఆ ఉత్తరాన్ని వెలుతురుకెత్తి చూశాడు.

"ఇంత జల్దీ ఒప్పుకున్నడంటే ఇంకేదో దాస్తున్నడు."

ఇలాంటి మనిషి ఒంటరిగా విచారణ చేసుకుంటే నాకు అభ్యంతరం లేకపోయేది. కానీ పంచనామా అన్నాక పంచులుండాలి కదా! ప్రతి ఆదివారం పొద్దుటిపూట నా పఠనాలయం అరుగు మీద అయిదుగురిని కూర్చోబెట్టేవాడు. గీతపని పెంటయ్య, సీతాఫలాల సక్కుబాయి, ఇనుపపని వీరేశం, ఇంట్లోంచి కిష్టమ్మ, అయిదో మనిషి రుక్కమ్మ. ఒక్కరికీ అక్షరం ముక్క రాదు. ఆయన రెండేసి పేజీలు చదవడం, వాళ్ళు ఎవరి మీద అనుమానమో చెప్పడం.

రుక్కమ్మ గురించి కొంచెం చెప్పాలి. మొగుడు పోయి పదమూడేళ్ళయింది. పిల్లల్లేరు. వాగు పక్కన ఒక మడి, గుట్ట కింద మూడెకరాల చెలక, అంటే మెట్టచేను ఉండేవి. మొగుడు పోయిన మరుసటేడే, చందానగర్‌లో ఉండే మరిది రాజయ్య ఆమెను చౌకీకి తీసుకెళ్ళి ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించాడు. వేలి మీద సిరా ఎండేలోపు మడి రాజయ్యదయింది. ఇక మిగిలింది చెలక. అదీ పోతే రుక్కమ్మ చందానగర్ వెళ్ళి రాజయ్య కొట్టంలో పేడ తీస్తూ బతకాలి. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, రాజయ్యకు అందరికంటే బాగా తెలుసు.

మొదటి ఆదివారమే ఎల్లేశం ఒక రూలు పెట్టాడు. వేలిముద్రలు చెల్లవు. బొటనవేలిని ఎవడైనా గుంజి పెట్టించుకోవచ్చు, సంతకం చెయ్యాల్సిందే. సంతకంతో ఆగితే బాగుండేది. ఎవరి మీద అనుమానమో నోటితో చెప్పినా చెల్లదన్నాడు, నోటిమాట మార్చేస్తారట. ఆ పాత్ర పేరు పలక మీద సొంత చేత్తో రాయాలి. నేను పైన రాసి చూపించాలి, వాళ్ళు కింద దిద్దాలి. చాకిరీ నాది, పెత్తనం ఆయనది.

పుస్తకం ఎంచుకునే తీరు ఇంకా అనుమానంగా ఉండేది. కథేమిటని అడగడు. లోపల మనుషుల పేర్లేమిటో వెతికేవాడు. చైత్రంలో ఓ చక్కటి నవల చేతిలో పెడితే పది పేజీలు తిప్పి వెనక్కిచ్చాడు.

"ఇందుల కాత్యాయని ఉన్నది. ఇప్పుడే ఒద్దు."

ఆ కాత్యాయని ఆయనకేం అపకారం చేసిందో నాకర్థం కాలేదు. ఆరునెలల తర్వాత తనే వచ్చి, ఇగ కాత్యాయనిని హాజరుపరచమన్నాడు.

దీనికి తోడు ఇంకొకటి మొదలైంది. తాను చదివేది నిజమని పంచులకేం నమ్మకం అని తన మీద తనే అనుమానపడ్డాడు. రుక్కమ్మను పక్కన కూర్చోబెట్టి, చదువుతున్న వరస మీద వేలు జరుపుతూ రమ్మన్నాడు. ఆమె వేలు అక్షరాల వెంట నడిచేది. కొన్నాళ్ళకు ఈయన తప్పులు చదవడం మొదలుపెట్టాడు. నాయిక పాలు తాగిందని పుస్తకంలో ఉంటే, కల్లు తాగిందని చదివాడు. మంచి పిల్ల అన్నాడు పెంటయ్య. నేను లేచి, పాలండీ పాలు అని మొత్తుకున్నాను. ఎల్లేశం వినిపించుకోలేదు. నాయకుడు రైలెక్కితే ఎద్దుబండి ఎక్కించాడు. పెళ్ళయితే కాలేదన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ముందు ఆయన కళ్ళను అనుమానించాను. తర్వాత కల్లును అనుమానించాను. చివరికి, చందానగర్‌లో కొత్తగా పఠనాలయం పెట్టినవాళ్ళు నా పఠనాలయం పరువు తీయడానికి ఈయన్ని పంపుతున్నారని నిర్ధారణకు వచ్చాను. రోగం అంటుకుంటుందంటారు చూడండి, అలా నేనూ ప్రతి మనిషి మీదా ఓ కన్ను వేసి తిరిగేవాణ్ణి. ఒకరోజు రుక్కమ్మ వేలు ఆగిపోయి, అన్నా, ఈడ పాలని ఉన్నది కదా అంటే, ఎల్లేశం కళ్ళజోడు మీదినుంచి చూసి, నువ్వే తప్పు చూసి ఉంటావు, వచ్చే వారం చూద్దామన్నాడు. ఎంత మొండివాడో అనుకున్నాను.

కార్తీకంలో ఒక ఆదివారం పంచులందరూ కూర్చుని ఉండగా రాజయ్య వచ్చాడు. వెంట ఇద్దరు మనుషులు, చంకలో కాగితం, చేతిలో సిరా డబ్బీ.

"వదినా, ఇందుల మోసమేం లేదు," అన్నాడు కూర్చోకముందే. చెలక ఆమె పేరు మీద ఎక్కాలంటే తహసీలు కచేరీలో వేలిముద్ర కావాలన్నారట. పాపం, వదినగారికి శ్రమ ఎందుకని తనే కాగితం తెలుగులో రాయించుకొచ్చాడట.

కాగితం లాక్కుందామని లేచాను. ఎల్లేశం నా మణికట్టు పట్టుకుని కిందికి గుంజాడు.

"కూసో పంతులూ. పంచనామా నడుస్తున్నది."

చదివి వినిపించమంది రుక్కమ్మ. అలవాటు కొద్దీ రాజయ్య పక్కకు జరిగి కాగితం మీద వేలు పెట్టింది. అతను గొంతు సవరించుకుని చదివాడు. సదరు మూడెకరాల చెలక ఇకమీదట రుక్కమ్మకే చెందుతుందన్నాడు. వేలు ఆగింది.

"ఈడ రాజయ్య అని ఉన్నది."

రాజయ్య నవ్వాడు. కచేరీ రాత అలాగే ఉంటుందనీ, ఆడవాళ్ళకు అర్థం కాదనీ అన్నాడు.

"మళ్ళ చదువు," అంది రుక్కమ్మ. వేలు తీయలేదు.

అప్పుడు పెంటయ్య ముందుకు జరిగి, ఈ ఇద్దరు సాక్షులు నీకేమవుతారని అడిగాడు. ఒకడు బావమరిది, రెండోవాడు ఆ బావమరిదికి తోడల్లుడు. చెల్లదు, చెల్లదు అన్నారు సక్కుబాయి, వీరేశం ఒక్కసారే. కిష్టమ్మ మాత్రం తీరిగ్గా చీర కొంగు సర్దుకుని అడిగింది.

"మోసం లేదని అడగకముందే ఎందుకు చెప్పినవ్ రాజయ్యా?"

రాజయ్య కాగితం లాక్కుని వచ్చిన దారినే పోయాడు. తొందరలో సిరా డబ్బీ మరిచిపోయాడు. కిష్టమ్మ దాన్ని కడిగి చాలాకాలం కుంకుమ పోసుకుంది.

మేమందరం సంతోషంతో ఊగిపోతుంటే ఎల్లేశం మాత్రం మొహం చిట్లించుకునే ఉన్నాడు. ఈమెకు చదువెవరు నేర్పారు, వ్యవహారం అనుమానంగా ఉంది, దీని మీద విచారణ కావాలన్నాడు. ఆ మాటతో నాకు ఏదో తట్టి, పుస్తకాలిచ్చిన రిజిస్టరు తెరిచాను. మొదటి నెల తీసుకున్న నవలల్లో మనుషులు రమ, లత, కమల. తర్వాత సీత, గోపాలం. ఆ తర్వాత ఒక్కో నవలలో ఒక్కో గుణింతం. దసరా దాటాక ఒత్తులు. చిట్టచివర కాత్యాయని. నా బళ్ళో కూడా నేనింత వరుసగా పాఠం చెప్పలేదు. ఆ పాలూ కల్లూ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

ఎల్లేశం ఆలోపు మోకాలి మీద కాగితం పెట్టుకుని, తెలుగులోనే, పెద్దపెద్ద అక్షరాలతో పంచనామా రాశాడు. చదివి వినిపించాడు. రుక్కమ్మకు చదువు ఎవరు నేర్పిందీ తెలియలేదనీ, కేసు మూసివేయడమైనదనీ అన్నాడు. రుక్కమ్మ వేలు మొదటి వరసలోనే ఆగింది.

"అన్నా, ఈడ గట్ల లేదు."

"ఏమున్నది మరి?"

ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. మున్షీ ఎల్లేశం అనేవాడు పన్నెండేళ్ళ కింద చౌకీలో, వాగు పక్క మడి కాగితం ఉర్దూలో ఒకటి రాసి, తెలుగులో ఇంకొకటి చెప్పి, రుక్కమ్మ వేలిముద్ర తీసుకున్నాడు. నేరం ఒప్పుకుంటున్నాడు. అంతే రాసి ఉంది.

ఎల్లేశం కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు, అది శుభ్రంగానే ఉంది. అమీన్ సాబ్ చెప్పాడు, నేను రాశాను అన్నాడు, అది సాకుగా చెల్లుతుందని తనకే నమ్మకం లేనట్టు.

"నాకెరుకనే అన్నా," అంది రుక్కమ్మ. "ఆ దినం చదివి చెప్పేటప్పుడు నువ్వు నా మొఖం దిక్కు చూడలే."

"మరి ఇన్నేండ్లు అడగలేదేంది?"

"ఒప్పుకుంటవా లేదా అని చూస్తున్న. నాకు మాత్రం అనుమానం ఉండదా?"

కిష్టమ్మ ముందు నవ్వింది, తర్వాత అందరం నవ్వాం. రుక్కమ్మ నవ్వకుండా కాగితం ముందుకు జరుపుకుని, ఈ ముద్దాయి ఎన్నో నంబరని అడిగింది. ఒకటో నంబరన్నాడు ఎల్లేశం, వెంటనే. మరి బెజవాడ ఆయన సంగతేమిటని పెంటయ్య గాబరా పడ్డాడు. రెండుకు దిగిండు అని తీర్పు చెప్పి, ఎల్లేశం కలం రుక్కమ్మకు అందించాడు. ఆమె సంతకం చేసింది. తర్వాత మిగతా నలుగురూ చేశారు.

న్యాయంగా ఉండాలి గనక బెజవాడకు ఉత్తరం రాశాను. పుప్పాలగూడలో తమరు మొదటి స్థానం నుంచి రెండో స్థానానికి దిగారని మాత్రమే రాశాను, కారణం రాయలేదు. జవాబు వారంలోనే వచ్చింది. మరుసటి ఆదివారం దాన్ని చదివే పని రుక్కమ్మదన్నారు పంచులు. ఎల్లేశం పక్కకు జరిగి, వరస మీద తన వేలు పెట్టాడు.

ఆమె నెమ్మదిగా చదివింది. మొదటి స్థానంలోకి వచ్చిన ఆ కొత్త రచయిత ఎవరండి, ఆయన పుస్తకం ఒకటి పంపగలరా, చదవాలని ఉందండి అని రాశారు వెంకటనారాయణగారు.

ఎల్లేశం వేలు అక్కడే ఆగిపోయింది.

"ఎందుకు అడుగుతున్నడు?" అన్నాడు.