తుడిచేసిన మొహాలు

అందరూ ఆయన్ని టచప్ బాబాయ్ అనేవారు. ఫోటోల్లో పెళ్లికూతుళ్ల మొటిమలు మాయం చేయడంలో ఆయన చెయ్యి అలాంటిది. స్టూడియో మూతపడ్డాక పాత రికార్డుల ఆఫీసులో చేరాడు. ఒకప్పటి ఊచకోతలో, చంపేముందు సైనికులు ఖైదీలకి తీసిన ఫోటోల్ని కంప్యూటర్లోకి ఎక్కించాలి. అక్కణ్ణించి అవి దేశదేశాల మ్యూజియాలకి వెళ్తాయి. "ఉన్నదున్నట్టు ఎక్కించు బాబాయ్" అని చెప్పారు. చెయ్యి ఊరుకుంటేగా! చావబోయే కుర్రాళ్ల మొహాల మీద ఆ మచ్చలేంటని అన్నీ నున్నగా తుడిచేశాడు.

ఓరోజు ఒక ముసలావిడ తమ్ముణ్ణి వెతుక్కుంటూ వచ్చింది. తెర మీద ఒక మొహం దగ్గర చాలాసేపు ఆగిపోయింది.

"అచ్చం మావాడిలాగే ఉన్నాడు. కానీ చిన్నప్పుడు నేను విసిరిన పలక తగిలి వాడికి కంటికింద గాటు పడింది. ఇతనికి లేదుగా. అయితే మావాడు ఎక్కడో బతికే ఉంటాడు నాయనా!" అంటూ తేలిగ్గా లేచి వెళ్లింది.

బాబాయ్ పెట్టెలోంచి అసలు ఫోటో లాగి చూశాడు. కంటికింద గాటు ఉంది.

"నా చేతులు పడిపోను!" అనుకుంటూ గుమ్మం దాకా పరిగెత్తి, "అమ్మా!" అని పిలిచాడు.

ఆవిడ నవ్వుమొహంతోనే వెనక్కి తిరిగింది.