ఎక్స్‌రే గదిలో మా రాయి

మార్కాపురం పలక గనుల్లో కొన్నిటిని మొదట తవ్వించినవాడు మా ముత్తాత. తాత తాలూకా బోర్డు సభ్యుడు; యర్రగొండపాలెం నుంచి గిద్దలూరు దాకా ఏ పంచాయితీ అయినా ఆయన వచ్చి కూర్చున్నాకే మొదలయ్యేది. నాయన ఆస్పత్రి కమిటీ అధ్యక్షుడు. మా ఊరికి ఎక్స్‌రే యంత్రం ఆయన పట్టుదల వల్లే వచ్చింది. ఆ మాట ఇప్పటికీ గర్వంగానే చెబుతాను. ఆ తర్వాతిది చెప్పడమే కష్టం.

యంత్రం నడిపే కాంపౌండరు అర్ధవీడు వైపు కూలి కుటుంబంలో పుట్టి, మిషన్ బడిలో చదువుకున్నవాడు. యంత్రం బిగించిన రోజునే కర్నూలు డాక్టరు ఒక నిబంధన పెట్టి వెళ్ళాడు. సీసపు రేకు తెర వచ్చేదాకా కాంపౌండరు వరండా చివరి నుంచే మీట నొక్కాలి. గోడ అవతల రోగులెవరూ కూర్చోకూడదు.

జనం ఎండలో నిలబడటం, కాంపౌండరు ప్రతిసారీ బయటికి పరుగెత్తటం నాయనకు నామర్దాగా తోచింది. సీసం మద్రాసు నుంచి రావాలి. రాయి మా గనిలోనే ఉంది. నిలువెత్తు నల్లపలక తెప్పించి కొయ్య చట్రంలో బిగించాడు. దాని మీద మా ఇంటిపేరు నేనే దగ్గరుండి చెక్కించాను.

"ఇంక బయటికి పోబల్లేదు. దీని యెనక నిలబడి నొక్కు. జనాన్ని గోడ నీడన కూర్చోనీ," అన్నాడు నాయన.

"డాక్టరు సీసం అన్యాడు గదయ్యా?"

"ఎండ దూరని రాయిలో నీ మిషను వెలుతురు దూరతాదా? కనపడని దేవుణ్ణి నమ్ముతావు గదరా, కనపడే రాయిని నమ్మవా?"

అందరూ నవ్వారు. కాంపౌండరూ నవ్వాడు. నేనూ నవ్వాను.

చట్రం కుదురుగా నిలిచేది కాదు. ఒక చేత్తో పలకను ఆనించి పట్టుకొని, రెండో చేత్తో మీట నొక్కేవాడు. కొన్నాళ్ళకు పలక పట్టుకున్న చేతి వేళ్ళు ఎర్రబడి పగిలాయి, గోళ్ళు నల్లబడ్డాయి. ఎక్స్‌రే ప్లేట్లు కడిగే మందు చేతికి పడలేదేమో అనుకున్నాం.

మళ్ళీ వచ్చిన కర్నూలు డాక్టరు ఆ చెయ్యి చూసి, నాయన మొలలోని తాళాలగుత్తి అడిగి తీసుకున్నాడు. దాన్ని పలక వెనక ప్లేటుకు ఆనించి, అందరినీ బయటికి పంపి మీట నొక్కించాడు. కడిగిన ప్లేటులో మా ఇనప్పెట్టె తాళపుచెవి పళ్ళతో సహా కనిపించింది. మా రాయి ఆ వెలుతురుకు అడ్డమే కాలేదు.

కాంపౌండరు ఆ ప్లేటును వెలుతురుకు ఎత్తి చూశాడు. "రాయి మంచిదేలేయ్యా," అన్నాడు, "పిల్లోళ్ళు రాసుకునేదానికి."

అతని రెండు వేళ్ళు తీసేశారు. గోడ అవతల నీడన కూర్చున్న తల్లులకూ చంటిబిడ్డలకూ ఏమైందో ఎవరూ ఆరా తీయలేదు. మేమూ తీయలేదు.

నాయన అతన్ని క్షమించమని అడగలేదు. మా ఇంట్లో ఎవరికీ ఆ మాట నోరు తిరగదు. మద్రాసులో వైద్యం ఖర్చు మాత్రం తానే పెట్టుకున్నాడు. ఆ డబ్బుకే, ఊళ్ళో దావా ఖర్చులకని చెప్పి, గిద్దలూరు రోడ్డు మీది చింతతోపు ఆ యేడే అమ్మేశాం.