అన్నయ్య తోమిన కారు

నున్న మామ అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. అసలు పేరు వాళ్లావిడకైనా గుర్తుందో లేదో. టైర్ల కొట్టు వెనక రేకుల షెడ్డులో, వెలిసిపోయిన పాత బండ్లకు మెరుగు పెట్టడం అతని పని. బండ్లు రుద్దే గుడ్డతోనే తలా తుడుచుకుంటాడు గనక ఒక్క వెంట్రుకా మిగల్లేదని గిట్టనివాళ్లు అనేవాళ్లు. గిట్టినవాళ్లూ అదే అనేవాళ్లు.

నోరు మాత్రం నున్నటిది కాదు. బండి తెచ్చినవాణ్ణి ముందు తిట్టి, ఆ తర్వాతే గుడ్డ అందుకునేవాడు. ఎండలో పెట్టినందుకు ఒక తిట్టు, పిట్ట రెట్టను గోటితో గీకినందుకు రెండు. సొంత అన్నతో పదేళ్లు మాటల్లేకపోయింది కూడా ఆ నోటి చలవే. అన్నగారు ప్రతి ఆదివారం తన ఎర్ర కారును గిన్నెలు తోమే పొడితో తోమేవాడు. అంట్లగిన్నె మెరిసినప్పుడు కారెందుకు మెరవదని ఆయన వాదన. "నీకు కారెందుకన్నయ్యా, బిందె కొనుక్కో" అని తమ్ముడు నలుగురిలో అనేశాడు. ఆయన మళ్లీ షెడ్డు గడప తొక్కలేదు. మొన్న చలికాలంలో పోయాడు.

ఇప్పుడా కారును వదిన తెచ్చింది. ఎరుపు ఎప్పుడో పోయి, సున్నం కలిపిన గులాబీ రంగు మిగిలింది. కొడుకు శనివారం వస్తున్నాడట. దాన్ని వాకిట్లో పెట్టుకోవడానికి సిగ్గుగా ఉందని, చూడబుద్ధయ్యేలా ఉంటే సరే, లేకపోతే పాత ఇనుముకు వేసేస్తానని ఫోన్లో తేల్చి చెప్పాడట.

కొత్త రంగు కొట్టిస్తే పోతుంది కదా అన్నాడు మామ.

"అప్పుడది మీ అన్నయ్య కారెందుకవుతుంది?" అంది వదిన. "దాన్ని తోమినంత శ్రద్ధగా నన్నెప్పుడూ చూసుకోలేదు ఆ మహానుభావుడు. సవతే అనుకో. అయినా గెంటెయ్యలేను."

మామ తిట్టడానికి నోరు తెరిచి, ఎవరిని తిట్టాలో తోచక మూసుకున్నాడు.

పాలిష్ పట్టే మిషను జోలికి పోలేదు. సబ్బునీళ్లతో కడిగి, పూత పలచగా ఉండే అంచులకు కాగితం టేపు అంటించి, మెత్తటి గుడ్డకు పాలిష్ అద్ది చేత్తోనే రుద్దాడు. గుడ్డంతా ఎర్రబడింది. రంగంతా ఊడ్చేస్తున్నావని వదిన లబలబలాడింది. పాత పూతలంతేనని, పైన చచ్చిన పొర వదిలితేనే కింద బతికున్న ఎరుపు బయటికొస్తుందని సర్దిచెప్పాడు. మూడో రోజుకు బానెట్లో మామ బోడితల మెరుస్తూ కనిపించింది. అక్కడో బల్బు, ఇక్కడో బల్బు, కరెంటు దండగ అంది వదిన. ఆయన పోయాక ఆమె నవ్వుతూ మాట్లాడటం అదే మొదలు.

తిప్పలన్నీ పైకప్పు దగ్గర వచ్చాయి. అన్నగారు ఆదివారాలన్నీ అక్కడే గడిపినట్టున్నాడు. గిన్నె అడుగున పడ్డట్టు అన్నీ గుండ్రటి గీతలే. నాలుగు రుద్దులకే గుడ్డ మీద ఎరుపు పక్కన బూడిదరంగు జాడ కనిపించింది. అది రంగుకు ముందు వేసే అడుగు పూత, ప్రైమరు. ఇంకాస్త రుద్దితే గీతలు పోతాయి, వాటితో పాటు రంగూ పోయి కారుకు బట్టతల వస్తుంది. గీత మిగిలుండగా బండి వదిలిన చరిత్ర మామకు లేదు. గుడ్డ కింద పడేశాడు.

"ఇక్కడితో ఆపేస్తా వదినా. ఈ గీతలుండిపోతాయి."

"వాడు చూస్తే?"

"పైకప్పు కనిపించేంత పొడుగు మీ ఇంట్లో వాడొక్కడే. మన ఖర్మ."

శనివారం కొడుకు నేరుగా షెడ్డుకే వచ్చాడు. కారు చుట్టూ తిరిగాడు, తలుపు మీద వేలితో రాసి చూశాడు. చివరికి పైకప్పు వైపు చూశాడు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ మడతపెట్టిన గుడ్డనే మళ్లీ మడతపెట్టాడు.

కుర్రవాడి చెయ్యి ఆ గీతల మీద పడింది. అవి ఎటు తిరిగాయో అటే, మెల్లగా, గుండ్రంగా తిరిగింది. ఒకసారి, ఇంకోసారి.

"పైన కూడా అద్దంలా ఉందమ్మా," అన్నాడు. "ఉంచుకుందాం."

"కళ్లు చూపించుకో నాయనా," అని గొణిగి మామ మైనం డబ్బా మూత తీశాడు. వాననీళ్లు నిలవకుండా పైకప్పుకు రెండు పూతలు పెట్టాడు, ఒక్క గీత చెరగకుండా.