ఓర్పులో ఫస్టు ర్యాంకు

మా హైస్కూల్లో ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేదు. పొద్దున ఇంట్లో ఒకసారి, సాయంత్రం ఇంటికొచ్చాక ఒకసారి, అంతే. మధ్యలో నీళ్ళు తాగేవాళ్ళం కాదు. ఎవరైనా ఆపుకోలేక మాస్టారిని అడిగితే క్లాసంతా నవ్వేది. పదో తరగతి దాకా నేను ఒక్కసారి కూడా అడగలేదు. "మా పిల్లకు ఓర్పెక్కువ" అని అమ్మ పదిమందికీ చెప్పుకుని మురిసిపోయేది. ఆ ఓర్పుతోనే ఎంసెట్ ర్యాంకు తెచ్చుకున్నాను. ఆ ఓర్పుతోనే వై టూ కే కంప్యూటర్ల హడావిడిలో సింగపూరులో ఉద్యోగం సంపాదించాను.

వుడ్‌ల్యాండ్స్‌లో కాపురం, జురాంగ్ ఈస్ట్‌లో ఆఫీసు. పది పన్నెండు గంటలు కుర్చీలోనే. లేచి వెళితే పని ఆగిపోతుందని అక్కడా ఆపుకునేదాన్ని. పెళ్ళయిన కొత్తలోనే నొప్పి మొదలైంది. ఎక్కడ అంటే చెప్పడానికి నా దగ్గర మాట లేదు. "కింద" అనుకునేదాన్ని, అదీ నాలో నేనే. కూర్చుంటే నొప్పి, అందుకని రైల్లో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వెళ్ళేదాన్ని. ఆయన దగ్గరికి వస్తే మాత్రం కత్తితో కోసినట్టుండేది. పళ్ళ బిగువున భరించి, తర్వాత బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని. కొన్నాళ్ళకు ఆయన దగ్గరికి రావడం తగ్గించారు. హమ్మయ్య అనుకున్నాను. అలా అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఇలాగే పోతే కాపురం నిలవదని నాకు తెలుసు.

మా బ్లాకు కింద, గోడల్లేని ఖాళీ జాగాలో ఆదివారాలు ఒక తెలుగు ఆంటీ యోగా నేర్పేది. ముప్పై ఏళ్ళుగా ఇక్కడే పాతుకుపోయిన మనిషి. ఆవిడకు నడుం నొప్పి అని చెప్పాను. ఆవిడ నా మొహం చూసి ఏదో పోల్చుకుంది.

"ఏం నడుమో నాకు తెలీదా అమ్మాయ్! కుర్చీలో కూచుని కూచుని కింద మజిల్స్ అన్నీ లూజైపోయుంటాయ్. మూలబంధం చెయ్యి. లోపలికి బిగించు, కాసేపు పట్టు, వదులు. రోజుకి పదిసార్లు చాలు లా," అంది, ఇక్కడివాళ్ళలాగే మాట చివర 'లా' తగిలించి.

పది చాలంటే పదితో ఆగే రకం కాదు మేము. లెక్కల పుస్తకం ఒకటి చాలంటే మూడు నమిలి ర్యాంకులు తెచ్చుకున్నవాళ్ళం. రైల్లో స్టేషనుకు పాతిక చొప్పున బిగించాను. మీటింగుల్లో బిగించాను. ఎంతసేపు పట్టి ఉంచగలనో గడియారం చూసుకున్నాను. వదలడాన్ని మాత్రం ఒక పనిగా లెక్కపెట్టలేదు. నొప్పి పెరిగింది. సాధన చాలడం లేదు కాబోలని ఇంకా పెంచాను. ఇంత చదువు చదివిన మనిషికి అంత మొద్దుబుర్ర ఎలా ఉంటుందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

మూడు నెలలకు మూత్రం కూడా సరిగా రాక ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు పరీక్షలు చేయించి, లోపల వేరే జబ్బేమీ లేదని ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపారు. నడివయసు చైనీస్ ఆవిడ. ముందుగా నా చేతికి ఒక ఫారం ఇచ్చింది. భర్తతో కలిసినప్పుడు నొప్పి ఉందా అని అందులో ఒక ప్రశ్న. నన్ను ఆ మాట ఎవరైనా అడగడం అదే మొదటిసారి. ఉంది అన్నచోట టిక్కు పెట్టి, ఫారం బోర్లించి ఇచ్చాను.

నీ కండరాలు వదులు కాలేదు, రాయిలా బిగుసుకుపోయాయి, ఇవాళ్టి నుంచి ఒక్కసారి కూడా బిగించకు, అంది. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళు మడిపించి, నా చెయ్యి నా పొట్ట మీదే పెట్టించింది. శ్వాస తీసుకుంటూ పొట్టను లేవనివ్వు, కింద భాగాన్ని జారనివ్వు, అంది. నాకు రాలేదు. పొట్ట లోపలికి పెట్టుకోవడమే తెలుసు నాకు. ఆవిడ అరగంట నా పక్కనే కూర్చుంది. చివరికి ఒక్క శ్వాసకు లోపల ఏదో జారింది, వెంటనే ఏడుపు తన్నుకొచ్చింది. ఎన్నాళ్ళుగా పట్టుకుని ఉన్నావు అని అడిగింది. బడి రోజుల నుంచి అన్నాను.

నెల రోజుల సాధన తర్వాత, ఒక ఆదివారం పొద్దున ఆయనకు చెప్పేశాను. అప్పటికే ఆయన తనంతట తనే అడిగి సిడ్నీ ప్రాజెక్టుకు వేయించుకున్నారు. వారంలో ప్రయాణం. చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నారు. తడబడుతూ, సగం ఇంగ్లీషులో, మొత్తం చెప్పాను. ఆయన ఇస్త్రీపెట్టె నిలబెట్టి స్విచ్ ఆపారు.

"నేనంటే నీకు పడదనుకున్నా. చెయ్యేస్తే చాలు, కొయ్యలా అయిపోయేదానివి. రెండేళ్ళు. నేనేం తప్పు చేశానో తెలీక చచ్చాను."

"నొప్పండీ."

"చెప్పొచ్చు కదా మరి?"

"ఓర్చుకుందామని..."

"నీ ఓర్పుకో దణ్ణం," అన్నారు. అరవలేదు. అరిచినా బాగుండేది. మళ్ళీ స్విచ్ వేసి, మిగిలిన చొక్కాలు ఇస్త్రీ చేసుకున్నారు.

వెళ్ళాక వారానికొక ఫోను, తర్వాత నెలకొకటి. ఏడాది తిరక్కుండానే విడిగా ఉందామని ఉత్తరం రాశారు. అందులో కోపమంటూ లేదు, అందుకే బతిమాలడానికి కూడా సందు దొరకలేదు.

నేను మాత్రం రోజూ చాప మీద పడుకుని ఆ శ్వాసలు తీస్తూనే ఉన్నాను. నొప్పి మెల్లగా తగ్గింది. వుడ్‌ల్యాండ్స్ నుంచి జురాంగ్ ఈస్ట్ దాకా సీట్లో కూర్చుని వెళ్ళిన రోజు, ఎవరికైనా చెప్పుకోవాలని ప్రాణం కొట్టుకుంది.

ఉత్తరం వచ్చాక ఆఖరిసారి వెళ్ళినప్పుడు ఫిజియోథెరపిస్టు, ఆ సంగతి తెలీక, పాత ఫారంలాంటిదే ఇంకొకటి తీసింది. ఈసారి తనే చదువుతూ టిక్కులు పెట్టింది. కూర్చుంటే నొప్పి? లేదన్నాను. మూత్రానికి ఇబ్బంది? లేదన్నాను. భర్తతో కలిసినప్పుడు?

"లేదు," అన్నాను.

ఆవిడ మొహం వెలిగిపోయింది. చాలా కష్టపడ్డావు, అంది. నేను థాంక్యూ చెప్పి, చెప్పులు వేసుకుని బయటికి వచ్చాను.