జాబితాలో నేను రాయని పేరు

ఎండాకాలం నాపరాళ్ల మీద నీళ్లు చల్లినప్పుడు లేచే వాసనకు నాకు ఇప్పటికీ మార్తమ్మగారే గుర్తొస్తారు. మాచర్ల అవతల, కృష్ణ ఒడ్డున ఉన్న మా ఊరి మిషన్ బడికి ఆవిడ పెద్ద పంతులమ్మ. నేను ఆవిడ కింద కొత్తగా చేరినదాన్ని. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆవిడ బడి వరండా కడిగించి, ఊరివాళ్లకు పేపరు చదివి వినిపించేవారు. తర్వాత ఎవరైనా మాట్లాడవచ్చు. నియమం ఒక్కటే: ఎవరి గురించి తగువో, ముందు వాళ్ల మాట వినాలి.

స్వరాజ్యం వచ్చిన మరుసటేడు ఓటర్ల జాబితా రాసే పని మా ఇద్దరి మీద పడింది. ఏటికి అవతల అప్పటికింకా నైజాం రాజ్యమే. రజాకార్ల భయంతో పిల్లల్ని చంకనేసుకుని ఏరు దాటివచ్చిన రంగమ్మ మా ఊళ్లో కూలికి పోతుండేది. ఆమె పేరు నేను రాయలేదు. రాయాలని తోచనే లేదు. ఒక ఆదివారం వరండాలో ఆ మాటే వచ్చింది.

"నైజాం మనిషికి ఇక్కడ ఓటేంది పంతులమ్మా?" అన్నాడు మోతుబరి వెంకయ్య.

"నన్నడుగుతావేంది బాబాయ్? ఆమె ఈడనే ఉందిగా," అన్నారు మార్తమ్మగారు.

రంగమ్మ లేచి నిలబడింది. "నా పేరు రంగమ్మ. మా ఇల్లు కాలవెట్టిన్రు. ఇగ ఆడికి పోను, ఈడనే ఉంట. ఆడ రాయరు, ఈడ రాయరు. మరి నేను ఏ దేశపుదాన్ని?"

వెంకయ్య తల గోక్కుని, "రాయండి," అన్నాడు.

మార్తమ్మగారు నా కాగితాలు తిరగేశారు. పరాయివాళ్లకు పేరు చెప్పడం మా ఊరి ఆడవాళ్లకు నామోషీ. అందుకని అందరినీ ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని రాసుకుపోయాను. మా అమ్మ కూడా 'సుబ్బయ్య భార్య'.

"వాళ్లెవరో ఊరందరికీ తెలుసు కదండీ," అన్నాను.

"ఊరికి తెలుసు. కాగితానికి తెలవదు. పోయి అడుగు."

ఇల్లిల్లూ తిరిగాను. చానామంది చెప్పారు. అమ్మ మాత్రం, "సర్కారు కాగితంలో నా పేరేందే, సిగ్గులేకపోతే సరి!" అని కసిరింది. ఆమె పేరు నాకు తెలియకనా? గొడవెందుకని వదిలేసి, అన్నీ సరిచేశానని మార్తమ్మగారితో అబద్ధమాడాను.

పేర్లు లేని ఆడవాళ్లను పై అధికారులు జాబితాలోంచి కొట్టేశారు. తొలి ఓట్లనాడు అమ్మ పెట్టెలోని పట్టుచీర తీసి కట్టుకుని వెళ్లింది. రంగమ్మ ఓటేసి వచ్చింది. అమ్మ వట్టినే తిరిగొచ్చి గడపలో నిలబడి, "నేను లేనంటనే," అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

తర్వాత ముప్పై ఏళ్లు పంతులమ్మగా చేశాను. పిల్లల్ని బడిలో చేర్చుకునేటప్పుడు ముందు తల్లిని ఆమె పేరే అడిగేదాన్ని. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటే, తీసేదాకా కలం పట్టుకుని కూర్చునేదాన్ని.

మా అమ్మ పేరు కోటమ్మ. రాయడానికి రెండు క్షణాలు పట్టవు.